అతుకు నిలవని గది

గోఛాంగ్ సంతవీధిలో గోడ కాగితాలు అంటించే ప్యో మల్‌సూన్‌కు ఒక జబ్బుంది. ఎవరైనా సలహా అడిగితే తిన్నగా జవాబు చెప్పదు, ఎదురు ప్రశ్న వేస్తుంది. గోడకు మచ్చ పడిందని వెళ్తే మీ ఇంట్లో గుడ్డలెక్కడ ఆరేస్తారని అడుగుతుంది. తలుపు రంగు పొక్కులు లేచిందని వెళ్తే మీ ఆయన స్నానానికి ఎంతసేపు పడుతుందని అడుగుతుంది. తెలియనివాళ్ళు ఇదెక్కడి పిచ్చిదని అనుకుంటారు. తెలిసినవాళ్ళు ఓపిగ్గా జవాబు చెబుతారు, ఎందుకంటే ఆ ప్రశ్నల చివర పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది.

"అమ్మా, బీరువా వెనక గోడంతా నల్లగా బూజు పట్టిందండీ. ఏ మందు కొట్టమంటారు?" అని ఒకాయన ఫోను చేశాడు.

"బీరువా గోడకు ఆనించి పెట్టారా?"

"ఆనించక గది మధ్యలో పెట్టుకోమంటారా?"

"ఆ గది ఉత్తరం వైపేనా? గ్యాసు ఆదా అవుతుందని ఆ గది నేల కింది గొట్టాల్లోకి వేడినీళ్ళు రాకుండా కట్టేశారా?"

"మీకెవరు చెప్పారు?" అన్నాడాయన.

"మీ గోడే చెప్పింది. ముందు బీరువాను జానెడు ముందుకు లాగండి. ఆ గదిలోకి కాస్త వేడి వదలండి. తర్వాత బూజు తుడిచి, గోడను బాగా ఆరనివ్వండి. ఆరకముందే కొత్త కాగితం అంటించారో, బూజుకు దుప్పటి కప్పి జోకొట్టినట్టే."

కొత్తగా పెళ్ళయిన పిల్లలైతే ఏడుపు గొంతుతో ఫోను చేస్తారు. "అక్కా, నిన్న అంటించిన కాగితమంతా ముడతలే! మా అత్తగారు చూస్తే చంపేస్తుంది!" మల్‌సూన్ నవ్వుతుంది. వాళ్ళకు పని తీరు తెలియదు. ఈ పనిలో కాగితం మొత్తానికి గట్టి జిగురు పట్టించరు. అంచులకు మాత్రం చిక్కటి గంజి, మధ్యలో నీళ్ళలాంటి పలచటి గంజి. తడిసిన కాగితం సాగుతుంది, ముడతలు పడుతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నెమ్మదిగా ఆరితే అదే బిగుసుకుని, డప్పు మీద తోలులా సాపుగా నిలబడుతుంది. "కిటికీ తెరవకు. నేల వేడెక్కించే బాయిలర్ వెయ్యకు. చేత్తో రుద్దకు. ఆ గదివైపు చూడకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. మీ అత్తగారు వచ్చేలోగా అదే సర్దుకుంటుంది, మీ అత్తగారి సంగతి మాత్రం నేను చెప్పలేను" అంటుంది.

ఈ పని ఒక్క మనిషి చేసేది కాదు. మల్‌సూన్‌కు జోడీ ఆమె ఆడపడుచు గుమ్‌జా. వదినా ఆడపడుచుల పొత్తు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దామని సంతవీధి ఆడవాళ్ళంతా మొదట్లో చెవులు రిక్కించి కూర్చున్నారు. వాళ్ళ ఆశ అడియాస చేసి, ఈ ఇద్దరూ జుట్టు నెరిసేదాకా కలిసే పనిచేశారు. గంజి కలపడం, కాగితానికి పూసి మడిచి నాననివ్వడం మల్‌సూన్ వంతు. నానిన కాగితాన్ని బల్లెక్కి గోడకు దించి, ఒక పట్టీ అంచును ఇంకో పట్టీ అంచుకు కలిపి అతుకు నొక్కడం గుమ్‌జా వంతు. గంజి మల్‌సూన్‌ది, అతుకు గుమ్‌జాది. ఒకరి పని ఇంకొకరు ముట్టుకునేవారు కాదు. మధ్యాహ్నం పాత వార్తాపత్రికలు పరుచుకుని, ముల్లంగి కిమ్చి నంజుకుంటూ అన్నం తినేటప్పుడు మాత్రం ఒకే గిన్నెలో రెండు చెంచాలు.

అలాంటి జోడీకి యొమ్ అవ్వ ఇంట్లో చిక్కొచ్చింది.

యొమ్ అవ్వకు ఊరి చివర మిరపతోట ఉంది. సియోల్‌లో ఉంటున్న చిన్నకూతురికి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యాలవారు ఇల్లు చూడ్డానికి వస్తారని, వాళ్ళను కూర్చోబెట్టడానికి పక్కగది సామానంతా తీయించి కొత్త కాగితం వేయించింది. లేత ఆకుపచ్చ మీద సన్నటి గీతల కాగితం. వదినా ఆడపడుచులు పని ముగించి, ఎప్పుడూ చెప్పే జాగ్రత్తలన్నీ చెప్పి వచ్చారు. కొన్నాళ్ళకే ఫోను. వెళ్ళి చూస్తే వాకిలి పక్క గోడ మీద అతుకు, నేల దగ్గర్నుంచి నడుమెత్తు దాకా నోరు తెరుచుకుని ఉంది.

"బాయిలర్ వేశారా అవ్వా?" అని మల్‌సూన్ అడిగింది.

"ఈ ఉక్కలో బాయిలర్ ఎవరైనా వేస్తారటే? కిటికీ కూడా తియ్యలేదు తల్లీ. ఆ గది గుమ్మం తొక్కితే ఒట్టు!" అంది అవ్వ.

నిజమే. ఎండలు తగ్గాయే కానీ చలి రాలేదు. ఆగని ముసురు, దాంతోపాటు ఉక్క. ఎవరూ నేల వేడి చేసుకునే కాలం కాదు. ఆ రెండు పట్టీలూ పీకి మళ్ళీ అంటించారు. ఆ రోజు గదిలో ఉన్నంతసేపూ ఇద్దరికీ ఒకటే తుమ్ములు. పాత దుమ్మని సరిపెట్టుకున్నారు. మళ్ళీ కొన్నాళ్ళకే, మళ్ళీ అదే అతుకు, ఈసారి దాని పక్కది కూడా.

ఊరు చిన్నది, యొమ్ అవ్వ నోరు పెద్దది. "గంజి పలచనైపోయింది పాపం, వయసు మీద పడిందిగా" అని సంతలో చేపల బుట్ట దగ్గర చెప్పింది. సాయంత్రానికి ఆ మాట మల్‌సూన్ చెవిన పడింది. అంతకంటే చేదు సంగతేమిటంటే, మర్నాడు పనిలో గుమ్‌జా గంజి బకెట్లో వేలు ముంచి, ఎత్తి, గంజి ఎలా జారుతుందో చూసింది. అన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని అది.

"ఏమిటే ఆ చూడ్డం?" అంది మల్‌సూన్.

"ఏం లేదు వదినా. కొంచెం జారుగా ఉందేమోనని."

"నా గంజి జారుగా ఉందా? నీ వేళ్ళలో పట్టు లేదని చెప్పు! ఆడలేక మద్దెల ఓడన్నదట!"

గుమ్‌జా మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది. తిట్టుకుని, కాసేపు మూతులు ముడుచుకుని, మధ్యాహ్నానికి కిమ్చి గిన్నె దగ్గర కలిసిపోయేవాళ్ళు. ఆ మధ్యాహ్నం గుమ్‌జా తన అన్నం పట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. మల్‌సూన్ గదిలో గోడకేసి చూస్తూ తింది. రెండు రోజుల తర్వాత మల్‌సూన్ మొగుడు ఛాంగ్‌సొప్ తల గోక్కుంటూ కబురు మోసుకొచ్చాడు. వచ్చే నెల నుంచి గుమ్‌జా జొంజూలో కొత్తగా కడుతున్న అపార్టుమెంట్ల పనికి వెళ్తోందట. అక్కడి మేస్త్రీకి మాట ఇచ్చేసిందట.

"నాతో చెప్పలేదే!" అంది మల్‌సూన్.

"మీ ఇద్దరి మధ్య నన్ను వేసి రుబ్బకండే. అటు చెల్లెలు, ఇటు పెళ్ళాం. నేను చేసిన పాపమేమిటి?" అన్నాడు ఛాంగ్‌సొప్.

మల్‌సూన్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కోపమొచ్చిందని పైకి చెప్పుకుంది కానీ అది భయం. గుమ్‌జా లేకపోతే పనికి ఇంకో మనిషి దొరక్కపోదు. కానీ ఆ అతుకు ఎందుకు విప్పుకుందో తేలకుండా గుమ్‌జా వెళ్ళిపోతే, వదిన గంజి పాడైందనే వెళ్ళిపోయినట్టు. లేదా గుమ్‌జా చెయ్యి పాడైందని మల్‌సూన్ వెళ్ళగొట్టినట్టు. రెండిట్లో ఏది నిజమైనా ఇక జన్మలో ఒకే గిన్నెలో తినరు. నెల తిరిగేలోగా ఆ అతుకు సంగతి తేల్చాలని పంతం పట్టింది.

పెరట్లో పడి ఉన్న పాత తలుపును ఇంట్లోకి ఈడ్చుకొచ్చింది. రోజూ కలిపినట్టే గంజి కలిపి, మిగులు కాగితం ముక్కలు అతుకులు పెట్టి అంటించింది. పక్కనే కావాలని గంజిలో నీళ్ళు ఎక్కువ పోసి ఇంకో జత అంటించింది. పలచటి గంజి వేసిన చోట మర్నాటికి కాగితం బుడగలు కట్టి అక్కడక్కడా ఊడిందే తప్ప, అతుకు దగ్గర బారుగా చీలలేదు. అయితే అవ్వ ఇంటి గోడది గంజి రోగం కాదు. మరి గుమ్‌జా వేళ్ళదా? వేళ్ళు సరిగ్గా నొక్కకపోతే పైనుంచి కిందికి ఎక్కడైనా ఊడొచ్చు. రెండుసార్లూ నేల దగ్గరే ఎందుకు మొదలైంది? గోడలో చెమ్మ ఉందా అంటే, చెమ్మ గోడ కాగితాన్ని వదులు చేస్తుంది, ఇలా బిగలాగి చింపదు. అలా బిగలాగేది ఒక్కటే, నేల వేడి. ఆ ఒక్కటీ ఈ ఉక్కలో ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు.

అయినా సరే, తేల్చుకోవాల్సిందే. కొత్తగా కాగితం అంటించిన తలుపును గోడకు చేర్చి నిలబెట్టి, తమ ఇంటి బాయిలర్ వేడి పూర్తిగా పెంచింది.

ఛాంగ్‌సొప్ బనీనుతో కూర్చుని చెమటలు కక్కాడు. "ఏమే, నీకు మతి పోయిందా? ఈ కాలంలో బాయిలరా? నన్ను ఆవిరి మీద ఉడికిస్తావా?"

"బయట కూర్చోవయ్యా."

"బయట వాన!"

"అయితే ఉడుకు."

సాయంత్రానికి తలుపు మీద అతుకు కింద నుంచి విడివడింది. అంచులు రెండూ వెనక్కి చుట్టుకుని, అచ్చం అవ్వ ఇంటి గోడలాగే నోరు తెరిచింది. మల్‌సూన్ నేల మీద చతికిలబడి దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. సంతోషం కన్నా ముందు ఆమెకు కలిగింది ఆశ్చర్యం. అంటే అవ్వ ఇంట్లో ఎవరో బాయిలర్ వేశారు. కానీ ఎందుకు? ఒంటరి ముసలమ్మ, ఖాళీ గది. పడుకునేవాళ్ళు లేరు, కూర్చునేవాళ్ళు లేరు. గోడలకు చలివేస్తుందని వేసిందా?

మర్నాడు ముసురులోనే గొడుగేసుకుని అవ్వ ఇంటికి వెళ్ళింది. అవ్వ వసారాలో వెల్లుల్లి వలుస్తోంది. మల్‌సూన్‌ను చూడగానే "నేను బాయిలర్ ముట్టుకోలేదు" అంది.

"నేనింకా ఏమీ అడగలేదు అవ్వా" అంది మల్‌సూన్. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటోంది ముసల్ది, అని లోపల నవ్వుకుంది. "కొలతలు తీసుకుందామని వచ్చా. మళ్ళీ అంటించాలిగా. గది తలుపు తీస్తారా?"

"తాళంచెవి ఎక్కడ పెట్టానో..."

"తలుపుకు తాళమే లేదుగా."

చెప్పులు విప్పి వసారా దాటి ఆ గది గుమ్మం దగ్గర నిలబడింది. మేజోళ్ళలోంచి అరికాళ్ళకు వేడి తగిలింది, పొయ్యి పక్కన నిలబడ్డట్టు. ఆ వెంటనే ముక్కు మండి, కళ్ళల్లో నీళ్ళు తిరిగి, ఇల్లదిరేలా తుమ్మింది. ఆ రోజు తామిద్దరూ తుమ్మిన తుమ్ములు గుర్తొచ్చాయి. పాత కాగితాలు పీకి ఊడ్చేసిన గదిలో పాత దుమ్ము ఎక్కడిదని అప్పుడే అడగాల్సింది.

తలుపు తోసింది. గది నిండా మిరపకాయలు. గోడ నుంచి గోడకు, ఈత చాపల మీద, అంగుళం ఖాళీ లేకుండా, ఎర్రగా నిగనిగలాడుతూ. నేల కాలిపోతోంది. మూసిన గదిలో ఆ ఘాటుకు ఊపిరాడలేదు. వాకిలి పక్క గోడ మీద పట్టీలు పైదాకా విడిపోయి, అంచులు చుట్టుకుని వేలాడుతున్నాయి.

"అవ్వా!"

అవ్వ వెల్లుల్లి పళ్ళెం కింద పెట్టేసింది. "ఏం చెయ్యమంటావే తల్లీ? ఈ ముసురు చూశావుగా. ఆరుబయట పోస్తే కుళ్ళిపోతాయి. మీరు చూస్తే సామానంతా తీసి, ఊడ్చి, అద్దంలాంటి గది అప్పగించి పోయారు. ఇంట్లో అంత ఖాళీ నేల నాకు ఇంకెప్పుడు దొరుకుతుంది? మీకు ఫోను చేసేముందు కాయలన్నీ ఎత్తి దాచి, నేల చల్లారనిచ్చేదాన్ని."

"చేసిందేదో చేశారు. నేను అడిగినప్పుడు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనే? మా తోట కాయలు ఎండ తప్ప ఇంకో వేడి ఎరగవని వియ్యపురాలితో గొప్పగా చెప్పుకున్నా. ఆవిడేమో సియోల్‌లో తన అక్కచెల్లెళ్ళందరికీ చెప్పుకుంది. ఇప్పుడు నేల మీద కాల్చిన కాయలని తెలిస్తే నా పిల్ల ఆ ఇంట్లో తలెత్తుకు తిరుగుతుందా?"

"అందుకని మా గంజి మీద పడ్డారా?"

"గంజి అనకపోతే మీరు మళ్ళీ వచ్చి ఊరికే అంటించరుగా" అంది అవ్వ, దాచుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషిలా.

మల్‌సూన్‌కు నవ్వాలో ఆ మిరపకాయలన్నీ ఎత్తి వానలో పొయ్యాలో తెలియలేదు. ఆ ఘాటులోనే నిలబడి, చివరికి నవ్వింది. "మీ వియ్యపురాలికి చెప్పను. ఊళ్ళో చెప్పను. గుమ్‌జాకు మాత్రం చెప్పి తీరతాను. ఈ కాయలు ఎండి సంచుల్లోకి ఎక్కాక బాయిలర్ ఆపి కబురు పెట్టండి. నేల చల్లారాకనే కొత్త కాగితం."

"గుమ్‌జాకు ఇప్పుడు చెప్పడమెందుకే? ఆ పిల్ల మొన్ననే వచ్చి తప్పు తనదేనని ఒప్పుకుని పోయిందిగా."

"ఏమన్నారు?"

"నువ్వు పంపావేమో అనుకున్నా. 'మా వదిన గంజికి వంక పెట్టకండవ్వా, నా చేతులే పట్టు తప్పాయి, సంతలో ఎవరడిగినా గుమ్‌జా చేతులు పాడయ్యాయని చెప్పండి' అంది. నాకే మనసొప్పలేదు. ఇక్కడ కాయలు పోసుకుని కూర్చుని, ఆ పిల్ల చేతుల్ని ఎలా అననే?"

మల్‌సూన్ గొడుగు మరిచిపోయి వానలోనే బయటికి వచ్చింది.

గుమ్‌జా తన వంటింట్లో కింద కూర్చుని ముల్లంగి ఆకు ఉప్పులో పిసుకుతోంది. తడిసి ముద్దైన వదినను చూసి తువ్వాలు అందించింది. మల్‌సూన్ తల కూడా తుడుచుకోకుండా మిరపకాయల కథంతా చెప్పింది. తలుపు సంగతి, బాయిలర్ సంగతి, ఛాంగ్‌సొప్ ఉడకడం, అన్నీ. గుమ్‌జా మొదట పెదవి కొరుక్కుంది, చివరికి ఉప్పు చేతులతోనే మొహం కప్పుకుని నవ్వింది.

"నా గంజి పలచన కాలేదే" అంది మల్‌సూన్.

"సరే, కాలేదు."

"నువ్వు మాత్రం అయిందనుకున్నావు."

గుమ్‌జా నవ్వు ఆగింది. "అనుకున్నాను. అబద్ధమెందుకు? పొద్దున్నే మణికట్టుకు కట్టు కట్టుకుంటున్నావని అన్నయ్య చెప్పాడు. గంజి గిలక్కొట్టలేకపోతున్నావనుకున్నా. నీళ్ళు ఎక్కువ పోసి తేలిక చేసుకుంటున్నావనుకున్నా."

"మరి నీ చేతులు పాడయ్యాయని అవ్వకెందుకు చెప్పావు?"

"నీ మొహం మీద ఆ మాట అనడం కన్నా నా చేతులు పాడయ్యాయని ఊరంతా చెప్పుకోవడం తేలిక వదినా. నేను జొంజూ పోతే నువ్వూ ఈ పని మానేస్తావు, నీ గంజి మీద మాట రాకుండానే మానేస్తావు. అంతవరకే ఆలోచించాను."

తనను ఇంత తక్కువగా అంచనా కట్టినందుకు మల్‌సూన్‌కు ఒళ్ళు మండింది. ఆ తక్కువను గుమ్‌జా తన నెత్తిన వేసుకున్నందుకు కళ్ళు చెమర్చాయి. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

"బీరువా జరిపారా, గుడ్డలెక్కడ ఆరేశారు, కిటికీ తీశారా అని ఊళ్ళో అందర్నీ అడుగుతావు" అంది గుమ్‌జా ఆకులు పిసుకుతూ. "తలుపును అడిగావు, గంజిని అడిగావు, మా అన్నయ్యను ఆవిరి పట్టి మరీ అడిగావు. నేను ఎందుకు వెళ్ళిపోతున్నానో నన్ను ఒక్క మాట అడగలేదు."

మల్‌సూన్ ఆమె ఎదురుగా కింద కూర్చుంది. తనూ కొన్ని ఆకులు అందుకుని పిసకడం మొదలుపెట్టింది. మణికట్టు నొప్పి పెట్టింది, ఈసారి దాచుకోలేదు. "తప్పు నాదే. నీ వేళ్ళను అన్నాను. అనకూడని మాట" అంది. ఇంకో ఆకు అందుకుంటూ, "జొంజూ వెళ్ళక తప్పదా?" అని అడిగింది.

"మాట ఇచ్చేశాను. వసంతం దాకా."

"ఆ మేస్త్రీకి ఇంకో మనిషి కావాలేమో కనుక్కో."

గుమ్‌జా తలెత్తి చూసింది. "అక్కడ గంజి పని ఉండదు వదినా. గంజి పూయడానికి యంత్రం పెట్టారు. కాగితం ఒకవైపు నుంచి పెడితే ఇంకోవైపు పూసుకుని వచ్చేస్తుందట. నువ్వు అక్కడ బల్లలు మొయ్యాలి, చెత్త ఊడ్వాలి."

"ఊడుస్తాను" అంది మల్‌సూన్. "అంచులకు చిక్కగా, మధ్యలో పలచగా పూయాలని యంత్రానికి ఎలా తెలుస్తుందే?"